ఈశాన్యంలో నాలుగో బోరు

"అన్నా, మా అమ్మ ఒక మాటంటున్నది. దేవుడి కుందిలో నూనె ఒక దిక్కే పోతున్నదట. నువ్వొకసారి వచ్చి చూస్తవా?"

2006లో ఉగాదికి వారం ముందు, రాత్రి భోజనాల వేళ వచ్చిన ఫోను అది. పండగని ఆ పెద్దావిడ కుందులు తోముకుని, నూనె నిండా పోసి, వత్తి వేసిందట. తూర్పు అంచు మీదుగా నూనె పొర్లిందట. పడమటి అంచేమో తడవనే లేదట. కుంది వంకరేమోనని మార్చి చూసింది. రెండోదీ అంతే.

నేను మట్టి పరీక్షల ఇంజినీర్ని. "కుందిలో నూనెకీ మీకూ ఏం సంబంధమండీ?" అని మా ఆవిడ నవ్వింది. నాకు నవ్వు రాలేదు. ఆ దేవుడి గది ఆ ఇంటికి ఈశాన్యం మూలన ఉంది. ఆ మూల కింద ఏముందో నాకు తెలీదు. తెలీదన్న సంగతి నాకొక్కడికే తెలుసు.

మాది తెనాలి దగ్గర పల్లె. నల్ల నేల. ఎండాకాలంలో పొలంలో నెర్రెలు విచ్చితే చిన్నపిల్లల కాలు దిగబడేంత సందు ఉండేది. వానలు పడగానే అదే మట్టి ఉబ్బి కూచునేది. గోడలు వేసవిలో పగిలేవి, వానాకాలంలో ఆ పగుళ్ళు మూసుకునేవి. మా తాతయ్య ఇల్లు కట్టినప్పుడు పునాది గోతుల్లో బళ్ళకొద్దీ ఇసుక పోయించి, నీళ్ళు పట్టించి, దాని మీద రాళ్ళు పేర్పించాడు. ఆయన ఏ కాలేజీలోనూ చదవలేదు. మట్టిని నమ్మకూడదన్న పాఠం నాకు అక్కడే మొదలైంది. దాన్ని ఎంత తొందరగా మరిచిపోయానో చెప్పడానికే ఇదంతా.

అమెరికాలో ఎమ్మెస్ చేసి, 1990ల చివర్లో షికాగో శివార్లలో ఒక మట్టి పరీక్షల కంపెనీలో చేరాను. పని చెప్పుకోవడానికి పెద్దగా ఏమీ ఉండదు. ఎవరో ఇల్లో, బడో, గిడ్డంగో కడతామంటారు. మేం బోరు యంత్రం వేసుకుని వెళ్తాం. మన దగ్గర బోరంటే నీళ్ళకోసం. అక్కడ మేం వేసే బోరు మట్టికోసం. రెండున్నర అడుగులకో, అయిదడుగులకో ఒకసారి ఆగి, బోలుగా ఉన్న ఇనుప గొట్టాన్ని అడుగున నిలబెడతాం. 63.5 కిలోల సుత్తిని 76 సెంటీమీటర్ల ఎత్తునుంచి దాని మీద వదులుతాం. మొదటి ఆరంగుళాలు దిగడం లెక్కలోకి రాదు. తరవాతి అడుగు దిగడానికి ఎన్ని దెబ్బలు పట్టాయో రాసుకుంటాం. వైద్యుడికి నాడి ఎలాగో మాకు ఆ దెబ్బల లెక్క అలాగ. రెండు మూడు దెబ్బలకే దిగిపోయిందంటే బురద. ముప్ఫై పడితే గట్టి నేల. ఆరంగుళాలైనా దిగకుండానే యాభై దెబ్బలు పడ్డాయంటే రాయి తగిలిందని.

అక్కడే నాకు మొదటి దెబ్బ తగిలింది. చేరిన నెలలోనే ఒకచోట ఇరవై రెండడుగుల లోతున గొట్టం మొరాయించింది. నేను సంబరంగా 'రాతిపొర' అని రాసుకున్నాను. మా డ్రిల్లరు అరవై ఏళ్ళ మనిషి. ఎప్పుడూ నోట్లో పొగాకు నములుతూ ఉంటాడు. మాటలు తక్కువ. నా కాగితం కేసి చూసి, యంత్రాన్ని ఆరడుగులు పక్కకి జరిపి మళ్ళీ బోరు వేశాడు. అరవై అడుగుల దాకా వెళ్ళినా రాయి లేదు! మొదట తగిలింది ఒంటరి గుండు. కెనడా నుంచి వచ్చిన గుండు.

కెనడా నుంచి రాయి ఎలా వచ్చిందంటారా? ఇరవై వేల ఏళ్ళ కిందట ఆ ప్రాంతమంతా మంచు. మంచంటే మన కులూ మనాలీలో పిల్లలు ఆడుకునే మంచు కాదు. వందల మీటర్ల మందాన పలకలా పరుచుకుని, తన బరువుకి తానే జారుతూ ఉత్తరాన్నుంచి దక్షిణానికి కదిలి వచ్చిన మంచు. దారిలో కొండల్ని గీకింది, బండల్ని పెళ్ళగించింది. మిషిగన్ సరస్సు కూర్చున్న గొయ్యి చాలావరకు అది తొలిచిందే.

నది తెచ్చే మట్టికీ మంచు తెచ్చే మట్టికీ తేడా ఉంది. మా కృష్ణమ్మ మట్టిని చేటలో చెరిగినట్టు చెరుగుతుంది. బరువైన గులకరాళ్ళు ఒకచోట, ఇసుక ఒకచోట, మెత్తటి ఒండ్రు ఇంకా దిగువన. మంచుకి చేట లేదు, చీపురే ఉంది. బంకమన్నూ, ఇసుకా, గులకరాళ్ళూ, ఏనుగంత గుండ్లూ అన్నిటినీ కలేసి ఊడ్చుకొచ్చి, తను కరిగిన చోట కుప్పపోస్తుంది. ఆ కలగాపులగాన్ని మా భాషలో టిల్ అంటారు. మంచు బరువు కింద నలిగిన టిల్ చాలా గట్టిది. దాని మీద ఇల్లేమిటి, పెద్ద మేడే కట్టొచ్చు. చిక్కల్లా ఏమిటంటే, కరిగిన మంచు నీళ్ళు ఏరులై పారినచోట ఇసుక ఉంటుంది. ఆ నీళ్ళు సరస్సులై నిలిచినచోట వెన్నలాంటి బంకమన్ను ఉంటుంది. ఇక మంచు వెనక్కి తగ్గుతూ ఇంటంత గడ్డలు కొన్నిటిని విడిచిపెట్టి పోతుంది. అవి మట్టిలో పూడుకుపోతాయి. ఎప్పటికో కరుగుతాయి. కరిగితే అక్కడ గొయ్యి. దానికి కెటిల్ అని పేరు. ఆ గోతిలో నీళ్ళు చేరి, నాచు పట్టి, ఆకూ అలమూ పడి, కుళ్ళీ కుళ్ళకుండా వేల ఏళ్ళు పేరుకుని నల్లటి పీట్ తయారవుతుంది. పైనుంచి చూస్తే ఇవన్నీ ఒకటే పచ్చగడ్డి!

ఇది ఆ ఊళ్ళ వాళ్ళు కూడా డబ్బు పోసి నేర్చుకున్న పాఠమే. షికాగో నడిబొడ్డున 1889లో తెరిచిన ఆడిటోరియం భవనం ఇప్పటికీ ఉంది. ఆ రోజుల్లో మేడలకి పునాదులు పైపైనే వేసేవారు. కింద సరస్సు వదిలిన మెత్తటి బంకమన్ను. ఆ భవనం కొన్నిచోట్ల రెండడుగులకు పైగా కుంగింది. లోపల నడుస్తుంటే నేల వాలు మన కాళ్ళకి తెలుస్తుంది.

ఇంకా పెద్ద కథ కెనడాలోని విన్నిపెగ్ పక్కన ట్రాన్స్‌కోనాలో జరిగింది. పది లక్షల బుషెళ్ళు పట్టే గోధుమ గాదె ఒకటి కట్టారు. 1913 అక్టోబరు 18న, దాదాపు నిండబోతుండగా, అది కుంగడం మొదలైంది. ఒక్క రోజులో ఇరవై ఏడు డిగ్రీలు వాలిపోయింది. గాదె మటుకు చెక్కు చెదరలేదు. పెట్టెని ఒక పక్కకి వంచినట్టు ఉంది, అంతే. కట్టేముందు పరీక్ష చేయలేదా అంటే, చేశారు. పునాది లోతులో మట్టి మీద బరువు పెట్టి చూశారు. ఆ మట్టి గట్టిగానే ఉంది. దాని కింద ఇంకా మెత్తటి పొర ఉందని ఆ పరీక్షకి తెలీదు. ఎప్పుడో కరిగిపోయిన మంచుతో ఏర్పడి, ఎప్పుడో మాయమైపోయిన అగాసీ అనే మహా సరస్సు అడుగు మట్టి అది. గాదెలో గోధుమలు తోడేసి, కిందనున్న సున్నపురాయి దాకా స్తంభాలు దించి, 1914లో దాన్ని మళ్ళీ నిలబెట్టారు. 1951లో రాల్ఫ్ పెక్ అనే ఆచార్యుడు అక్కడ బోర్లు వేయించి, ఎందుకు పడిందో లెక్క తేల్చాడు. ఆయన పుస్తకాలు చదివే మేం పాసయ్యాం. ఈ గాదె కథ పరీక్షలో అడిగితే నేను పదికి పది మార్కులకు రాసేవాణ్ణి. అదీ తమాషా.

ఇక మా వరంగల్ తమ్ముడి సంగతి. అతనిది అప్పటి వరంగల్ జిల్లాలోని భూపాలపల్లి. నాన్న సింగరేణి గనిలో పనిచేసి రిటైరయ్యాడు. ఇతను కంప్యూటర్ల మీద వచ్చాడు. గుళ్ళో పరిచయమై, నాకు సొంత తమ్ముడిలా అయిపోయాడు. 2004లో షికాగోకి వాయవ్యంగా గంట దూరంలో, చిన్న చిన్న సరస్సులు చాలా ఉన్న చోట స్థలం కొన్నాడు. స్థలం కొనేటప్పుడు నన్నడగలేదు. ఇండియాకి ఫోన్ చేసి వాస్తు పంతులుగారిని అడిగాడు. నైరుతి ఎత్తు, ఈశాన్యం పల్లం, పల్లంలో కొంచెం తడి. ఇంతకన్నా ఏం కావాలి? ఆయన 'కళ్ళు మూసుకుని కొనెయ్' అన్నాడట.

వాస్తుని నేను వెక్కిరించడం లేదు. ఈశాన్యం ఖాళీగా వదిలి బరువంతా నైరుతిలో పెట్టమని అదే శాస్త్రం చెబుతుంది. ఆ ఒక్క ముక్క పాటించి ఉంటే ఈ వ్యాసమే ఉండేది కాదు. కానీ దేవుడి గది ఈశాన్యంలో ఉండాలన్న మాట కూడా అందులోనే ఉంది. అందుకని ఇంటికి ఈశాన్యం మూలన పదడుగుల గది ఒకటి ముందుకు పొడుచుకొచ్చేలా ప్లాను గీయించాడు. మిగతా ఇంటికి అడుగున బేస్‌మెంటు. ఆ గదికి మాత్రం లేదు. మామూలు పునాదే.

బిల్డరు మట్టి పరీక్ష మా కంపెనీకే ఇచ్చాడు. నాలుగు మూలలకీ నాలుగు బోర్లని నేనే రాశాను. అది నవంబరు. మూడురోజులుగా వాన. నైరుతి, ఆగ్నేయం, వాయవ్యం మూడూ మధ్యాహ్నానికి అయిపోయాయి. మూడింట్లోనూ బూడిదరంగు టిల్. దెబ్బల లెక్క పద్దెనిమిది నుంచి ముప్ఫై. నాలుగోదానికి యంత్రాన్ని తిప్పితే, పల్లంలోకి పోయేలోపే చక్రం అరడుగు దిగబడింది. చెక్కపలకలు పరిచి దాన్ని లోపలికి తీసుకెళ్ళాలంటే మర్నాడు మళ్ళీ రావాలి. ఖర్చు మళ్ళీ బిల్డరు మీద, అంటే తమ్ముడి మీద. నేల గడ్డకట్టేలోపు పునాది పడాలని బిల్డరు తొందర. ఆ ప్రాంతంలో చలికి నేల లోతుగా గడ్డకట్టి ఉబ్బుతుంది కనక పునాదులు నలభై రెండంగుళాలకన్నా లోతున ఉండాలి. ఈలోగా ముహూర్తం దాటిపోతుందేమోనని తమ్ముడి తొందర.

"అన్నా, గింత జాగకు ఇంకొక బోరెందుకే? మూడిట్ల ఒక్కతీరే వచ్చింది గదా" అన్నాడు. అతనిది రాతిసీమ. పైన జానెడు మట్టి, కింద గరుసు, దాని కింద బండ. లోతుకెళ్ళేకొద్దీ నేల గట్టిపడుతుందన్నది వాళ్ళకి పుట్టుకతో వచ్చిన నమ్మకం. నాది బండే కనపడని నేల. నేనైనా అనుమానించి ఉండాల్సింది.

మా డ్రిల్లరు తాడు చుట్టుకుంటూ ఒకే ఒక్క మాటన్నాడు. "పొడిగా ఉన్నచోట మూడు బోర్లు వేశావు. తడిగా ఉన్నచోట మానేస్తావా?"

మానేశాను. ఆ రాత్రి ఆఫీసులో మూడు బోర్లనీ కాగితం మీద గుచ్చి, మధ్యన గీత కలిపాను. నాలుగో మూలకి ఆ గీతనే పొడిగించాను. స్థలమంతటా ఇదే నేల అని రాసి సంతకం పెట్టాను.

పునాది గోతులు తీసినప్పుడు చూడలేదా అని మీరు అడగొచ్చు. చూశాను. దేవుడి గది కింద నాలుగడుగుల గోతిలో పచ్చటి గట్టి బంకమన్నే కనిపించింది. అది అక్కడ పుట్టిన మట్టి కాదనీ, అంతకుముందు ఆ భూమిని సాగుచేసినవాళ్ళో చదును చేసినవాళ్ళో మెరక మట్టి తెచ్చి పల్లం అంచున పోశారనీ నాకు తట్టలేదు. ట్రాన్స్‌కోనా గాదె కథకి పదికి పది మార్కులు!

2005 శ్రావణంలో గృహప్రవేశం. తమ్ముడి తల్లిదండ్రులు ఇండియానుంచి వచ్చారు. పులిహోర, గారెలు, బంధువులంత మంది స్నేహితులు. ఆ దేవుడి గదిలోనే నిలబడి నేను ఫొటో దిగాను. ఏడు నెలల తరవాత ఆ ఫోను వచ్చింది.

మర్నాడు వెళ్ళాను. లోపలికి వెళ్ళకుండా ముందు బయట చుట్టూ తిరిగాను. ఇంటికీ ఆ గదికీ అతుకు దగ్గర ఇటుకల మీద మెట్లుమెట్లుగా పగులు. కింద వెంట్రుకంత, పైన రూపాయి బిళ్ళ పట్టేంత. లోపల నీటిమట్టం గొట్టం పెట్టి చూస్తే పదడుగుల గదిలో మూడంగుళాలు తూర్పుకి వాలు. ఆవిడ కుందులు అబద్ధం చెప్పలేదు.

తమ్ముడు నా మొహం కేసి చూస్తున్నాడు. "చలికాలం కదా, కొంచెం సర్దుకుంటుంది" అన్నాను. పాతికేళ్ళు దగ్గరకొస్తున్న ఈ వృత్తిలో నేను చెప్పిన మాటల్లో నాకు బాగా సిగ్గనిపించేది అదే.

ఆఫీసులో చెప్పాను. బాసు తలుపేశాడు. బిల్డరు నుంచి అప్పటికే లాయరు ఉత్తరం వచ్చి ఉంది. అక్కడి పద్ధతి అది. తప్పు ఒప్పుకున్నట్టు ఒక్క ముక్క అన్నా ఇన్సూరెన్సు వాళ్ళు చేతులెత్తేయొచ్చు. అందుకని, "నువ్వు ఆ ఇంటికి వెళ్ళొద్దు. వాళ్ళతో మాట్లాడొద్దు. ఏమీ రాయొద్దు" అన్నాడు. ఆయన దుర్మార్గుడేం కాదు. ముప్ఫై మంది జీతాలు ఆయన చేతిలో ఉన్నాయి. మరో పక్క తమ్ముడి ఇంటి ఇన్సూరెన్సు నేల కుంగితే చెల్లదు. మామూలుగా ఏ ఇంటి పాలసీలోనూ ఉండదది. అంటే, నేను నోరు మూసుకుని కూచుంటే వాళ్ళు ఏళ్ళతరబడి కోర్టుల చుట్టూ తిరగాలి. ఈలోగా ఆ మూల దిగుతూనే ఉంటుంది.

మూడు రాత్రులు నిద్రపట్టలేదు. మా ఆవిడ నాలుగో రోజు, "ఉద్యోగం పోతే ఇంకోటి చూసుకుందాం. ఆ పెద్దావిడ మొహం మళ్ళీ చూడగలగాలి కదా" అంది. శనివారం పొద్దున్నే చేత్తో తిప్పే ఆగరు కారులో వేసుకున్నాను. అది పెద్ద బర్మా లాంటిది. అడుగు అడుగుకీ గొట్టాలు తగిలించుకుంటూ దించాలి. ఒక్కడివల్ల కాదు. డ్రిల్లరుకి ఫోన్ చేశాను. సెలవు రోజని గానీ, జీతం ఎవరిస్తారని గానీ అడగలేదు. "నాలుగో మూలా?" అన్నాడు, అంతే.

గది గోడకి రెండడుగుల ఎడంగా మొదలుపెట్టాం. ఏడడుగుల దాకా పచ్చటి మట్టి. చేతులు బొబ్బలెక్కాయి. ఏడు దాటగానే ఆగరు ఒక్కసారిగా వదులైంది. పైకి లాగితే దాని నిండా నల్లటి పదార్థం. తడి గోనెపట్టాలా ఉంది. పిండితే నీళ్ళు కారాయి. అందులో గడ్డిపోచలు, చెక్కపేళ్ళు అలాగే ఉన్నాయి. దాని బరువులో మట్టికన్నా నీళ్ళే ఎన్నో రెట్లు. వాసన మాత్రం నాకు కొత్తది కాదు. చిన్నప్పుడు వేసవిలో కాలవలు కట్టేశాక మడుగుల్లో చేపలకోసం దిగితే కాళ్ళకి అంటుకునే నల్లబురద వాసన. ప్రపంచానికి అవతలి పక్క, మంచు చేసిన గోతిలోనుంచి మా ఊరి కాలవ వాసన వచ్చింది.

పదిహేడడుగుల దాకా అదే. దాని కింద బూడిదరంగు సుద్దలాంటి మెత్తన. వేళ్ళ మధ్య రుద్దితే పంటికింద ఇసుకలాంటి పలుకులు. నీళ్ళతో కడిగి చూస్తే అవి నత్తగుల్లలు, ఆవగింజంతవి. ఒకప్పుడు అక్కడ తేటనీళ్ళ సరస్సు ఉండేదన్నమాట. ఇరవై రెండడుగుల దగ్గర మా గొట్టాలైపోయాయి. డ్రిల్లరు చేతులు తుడుచుకుంటూ, "మూడు బోర్లూ నిజమే చెప్పాయి. నువ్వు అడగని దాన్ని అవెందుకు చెబుతాయి?" అన్నాడు. అతని నోటినుంచి నేను విన్న మాటల్లో ఇదే పొడుగైంది.

పెద్దావిడ శాలువా కప్పుకుని మెట్ల మీద కూచుని ఇదంతా చూస్తోంది. నేను గుప్పెడు పీట్ తీసుకెళ్ళి ఆవిడ ముందు పెట్టాను. తప్పు నాదని అప్పుడే చెప్పాను. నాలుగో బోరు వేయకుండా వేసినట్టే రాశానని తమ్ముడు ఇంట్లోంచి వచ్చి వింటుండగానే చెప్పాను. అతను ఏమీ అనకుండా లోపలికి వెళ్ళిపోయాడు. తలుపు చప్పుడు కూడా కాలేదు. అయ్యుంటే బావుండుననిపించింది.

ఆవిడ మటుకు ఆ నల్లమట్టిని వేళ్ళతో నలిపి చూసింది. "ఏందిది బిడ్డా?"

"బొగ్గు కాబోయే మట్టమ్మా. మీద ఎంతో మట్టి పడి, కోట్ల ఏళ్ళు నలిగితే బొగ్గవుతుంది."

"అది బొగ్గయ్యేదాంక మీరు ఆగకపోతిరి" అంది. నవ్వాలో ఏడవాలో తెలీలేదు. మళ్ళీ తనే, "మా దిక్కు బొగ్గు తీస్తే భూమి కుంగుతది. ఇక్కడ తియ్యకముందే కుంగె. మా కాడ గని లోపల ఇసుక నింపుతరు. గట్ల నింపరాదా?" అంది.

ఇంజినీరింగు కాలేజీలో కూడా ఇంత సూటి ప్రశ్న ఎవరూ అడగలేదు. మా తాతయ్య కూడా ఇసుకే పోశాడు కదా! ఎందుకు కుదరదో ఆవిడకి విప్పి చెప్పాను. గనిలో నింపే ఇసుక కింద రాయి ఉంటుంది. మా ఊళ్ళో ఇసుక కింద ఉబ్బే మట్టి ఉన్నా అది బరువు మోసే మట్టే. ఇక్కడ పీట్ మీద ఇసుక పోస్తే ఆ బరువుకే అది ఇంకా నలిగి, ఇంకా దిగుతుంది. తడి దూది మీద ఇటుక పెట్టినట్టు. దాన్ని పూర్తిగా తవ్వి తీసేయాలి, లేకపోతే దాన్ని దాటుకుని కింద గట్టి నేలని అందుకోవాలి. ఇల్లు లేచాక తవ్వడం కుదరదు. ఇక మిగిలింది రెండోదే.

సింగరేణి మాట వచ్చింది కాబట్టి ఇంకోటి. మంచు మన నేలని తొక్కలేదనుకోకండి. గోదావరి లోయలో బొగ్గు పొరల కింద తాల్చేర్ అని పిలిచే రాతిపొరలున్నాయి. దాదాపు ముప్ఫై కోట్ల ఏళ్ళ కిందట, మన భూభాగం దక్షిణ ధ్రువానికి దగ్గర్లో ఉన్నప్పుడు, మంచు వదిలిపెట్టిన గుండ్లూ మట్టే అలా బిగుసుకుని రాయైంది. ఆవిడ భర్త ముప్ఫై ఏళ్ళు పనిచేసిన బొగ్గు పొరలకి అడుగున, షికాగో టిల్‌కి ముత్తాత లాంటి మట్టి పడుకుని ఉందన్నమాట. ఇది చెబితే ఆ పెద్దాయన చాలాసేపు ఆలోచించి, "అయితే మీ అమెరికా ఇంకా పచ్చిగున్నది" అన్నాడు.

సోమవారం ఆ బోరు లెక్క రాసిన కాగితం బాసు బల్ల మీద పెట్టాను. ఆయన చాలాసేపు అరిచాడు. నన్ను తీసేయలేదు గానీ, ఏడాదిపాటు సైట్లకి పంపకుండా ల్యాబులో మట్టి ఎండబెట్టే పని ఇచ్చాడు. అయితే ఆ కాగితం ఒకటుండటం వల్ల వాదన కోర్టు దాకా పోలేదు. మా కంపెనీ, బిల్డరు కలిసి సగం పైన భరించారు. మిగతాది తమ్ముడి నెత్తిన పడింది. నా వంతుగా కొంత చెక్కు రాసి పంపాను. అతను వద్దంటాడేమోనని లోపల ఎక్కడో చిన్న ఆశ ఉండేది, దాచడం ఎందుకు? వద్దనలేదు. బ్యాంకులో వేసుకున్నాడు. ఆలోచిస్తే అదే మంచిదైంది.

ఆ వేసవిలో మరమ్మతు. ఇనుప గొట్టాలకి మరసీలకున్నట్టు రెక్కలుంటాయి. వాటిని యంత్రంతో తిప్పుతూ గోడ పక్కనే దించుతారు. పీట్‌లో వెన్నలో కత్తిలా దిగిపోయాయి. ఇరవై ఏడడుగుల దగ్గర, మంచునీళ్ళు పరిచిన ఇసుకా గులకరాళ్ళూ తగలగానే యంత్రం మూలగడం మొదలెట్టింది. ఆ మూలుగు వింటే నాకు ప్రాణం లేచొచ్చింది. అలాంటివి ఏడు దించి, పునాదికి బిగించి, జాకీలతో గదిని మెల్లమెల్లగా ఎత్తారు. రెండున్నర అంగుళాలు లేచాక పైన గోడలో చిటుక్కుమంది. ఇక ఆపేయమన్నారు. అరంగుళం అలాగే ఉండిపోయింది.

తమ్ముడు ఎనిమిది నెలలు నాతో మాట్లాడలేదు. గుళ్ళో కనిపిస్తే తల పక్కకి తిప్పుకునేవాడు. బతుకమ్మ పండక్కి వాళ్ళింట్లో ఆడవాళ్ళని పిలిచినప్పుడు మా ఆవిడ ఒక్కతే వెళ్ళింది. ఆ చలికాలంలో ఓ రోజు అతనే ఫోన్ చేశాడు. ఆఫీసులో ఎవరో ఇల్లు కడుతున్నారట, మట్టి పరీక్షకి ఎన్ని బోర్లు వేయించాలో అడిగి చెబుతానన్నాడట. "నీ పేరే చెప్పిన అన్నా. ఒకసారి తప్పు చేసినోడు రెండోసారి చెయ్యడని చెప్పిన" అన్నాడు. అది పొగడ్తో, దెప్పిపొడుపో ఇప్పటికీ నాకు తెలీదు.

వాళ్ళింటికి కొద్ది దూరంలోనే వోలో బాగ్ అని ఒక చిత్తడి ఉంది. అది కూడా మంచుగడ్డ కరిగిన గొయ్యే. మధ్యలో ఇంకా నీళ్ళున్నాయి. చుట్టూ నాచు చాపలా అల్లుకుని నీళ్ళ మీద తేలుతుంది, దాని మీద చెట్లు కూడా మొలిచాయి. సందర్శకులకోసం చెక్క వంతెన వేశారు. తమ్ముడి తల్లిదండ్రుల్ని తిరుగు ప్రయాణానికి ముందు ఒకసారి అక్కడికి తీసుకెళ్ళాను. అడుగు వేస్తే వంతెన కొంచెం ఊగింది. ఆవిడ నా చెయ్యి పట్టుకుని, "గిసొంటిదాని మీద పెట్టినవా బిడ్డా మా దేవుణ్ణి?" అంది. కోపంగా కాదు, ఆశ్చర్యంగా.

ల్యాబునుంచి మళ్ళీ సైట్లకి వచ్చాక నాకొక అలవాటైంది. రెండు బోర్ల మధ్య గీత గీసేటప్పుడు దాన్ని చుక్కలుగానే గీస్తాను. మధ్యమధ్యలో ప్రశ్నార్థకం పెడతాను. నాకన్నా ముందే ఈ వృత్తిలో ఉన్న పద్ధతే అది, నేను కనిపెట్టిందేం కాదు. కొత్తగా చేరిన పిల్లలు కంప్యూటర్లో రంగురంగులుగా నున్నటి పొరలు గీసుకొస్తారు. ప్రశ్నార్థకాలు ఎక్కడని అడిగితే, "సాఫ్ట్‌వేర్‌లో లేవు సార్" అంటారు. చేత్తో పెట్టమంటాను.

మా డ్రిల్లరు లేడిప్పుడు. తమ్ముడి అమ్మగారు కూడా పోయి చాలా ఏళ్ళయింది. పోయిన ఉగాదికి వాళ్ళింటికి భోజనానికి వెళ్ళాం. వాళ్ళమ్మాయి దేవుడి గదిలో దీపం పెడుతోంది. కుంది నిలబెట్టేముందు పళ్ళెంలోంచి పాత రూపాయి బిళ్ళ ఒకటి తీసి, తూర్పు వైపు కుంది అంచు కింద దోపింది. ఆ పిల్ల పుట్టింది ఆ ఇంట్లోనే. ఎందుకలా పెడతావని అడిగితే, "నానమ్మ అలాగే పెట్టేది అంకుల్" అంది.